నూకాలు ఉల్లిపాయ

మీ తాతల తాతలు ఉగ్గుపాలు తాగే రోజుల్లో, కొండకీ ఏటికీ నడుమ కొలిమిపాడని ఒక ఊరుండేది. ఆ ఊళ్లో లింగాచారి కత్తులు చేసేవాడు. పిడి మీద నెమలి ముద్ర కాల్చి ఉంటే చాలు, జనం మారు మాట లేకుండా కొనుక్కుపోయేవారు.

ఆ ముద్ర వేసేది మాత్రం లింగాచారి కాదు. కొలిమి దగ్గర తిత్తి ఊదే నూకాలు. నా అన్నవాళ్లు లేని మనిషి. కొత్త కత్తి చేతికొస్తే ఒక ఉల్లిపాయ తరిగేది. కళ్లు చెమర్చకపోతే ముద్ర. చెమర్చాయా, కత్తి మళ్లీ నిప్పుల్లోకే. "మొద్దు కత్తి ఉల్లిని నలుపుద్ది. నలిగిన ఉల్లి ఏడిపిస్తది" అనేది. తరిగిన ఆ ముక్కలే పూటా గంజిలోకి నంజుకునేది.

లింగాచారి పోయాడు. కొడుకు మౌనాచారి కొలిమి ముందు కూర్చున్నాడు. మంచివాడే, కాకపోతే అన్నీ చిటికెలో అయిపోవాలి. తండ్రి మూడుసార్లు కాల్చి మూడుసార్లు సాగగొట్టిన ఇనుముని ఇతను ఒక్కసారితో సరిపెట్టాడు.

నూకాలు మొదటి కత్తితో తరిగింది. కళ్లు చెమర్చాయి. రెండోదానితో తరిగింది. చెంపలు తడిశాయి. మూడోదానితో తరిగింది. కొంగు తడిసింది.

"మళ్లీ కాల్చు నాయనా" అంది.

"కత్తులకేం కాలేదు నూకాలత్తా. పొగకి నీ కళ్లే పాడయ్యాయి" అని ముద్ర లాక్కున్నాడు.

నూకాలు పోట్లాడలేదు. "మీ నాన్న చేసిన కత్తొకటి నా ఇంటి చూరులో ఉంది. కావాలంటే సరిచూసుకో" అని వెళ్లిపోయింది. మళ్లీ కొలిమి గడప తొక్కలేదు.

నెమలి బొమ్మ చూసి సంతలో జనం కొన్నాళ్లు ఎగబడ్డారు. తర్వాత చేపలమ్మే ఆవిడ కత్తి తెచ్చి గుమ్మంలో పడేసింది. కల్లు గీసే అతను తెచ్చి పడేశాడు. మంత్రసాని మాత్రం పడేయలేదు, చేతిలో పెట్టింది.

"బొడ్డు తెగలేదు బాబూ. పసిగుడ్డుని అలాగే ఉంచి ఇంకో కత్తికి పరుగెత్తాను" అంది.

ఆ పూట మౌనాచారికి ముద్ద దిగలేదు. నూకాలు దగ్గరికి రేపు వెళ్దాంలే అనుకున్నాడు. మొహం చెల్లక మర్నాడూ రేపే అనుకున్నాడు. ఈలోగా నూకాలు కన్నుమూసింది.

ఎవరూ లేని మనిషి కదా, దినం భోజనాలు మౌనాచారి ఇంట్లోనే పెట్టారు. ఊళ్లో ఆడవాళ్లు బుట్టెడు ఉల్లిపాయలు ముందేసుకుని తరుగుతూ కళ్లు తుడుచుకుంటున్నారు. అది మౌనాచారి చూశాడు.

"నూకాలత్తంటే అందరికీ ఎంత ప్రేమో" అన్నాడు భార్య వరాలుతో.

వరాలు ముక్కు చీదింది. "ప్రేమ ఉంది, కాదనను. ఈ ఏడుపు మాత్రం నీ కత్తులదయ్యా."

మౌనాచారి లేచి నూకాలు గుడిసెకి వెళ్లాడు. చూరులోంచి తండ్రి కత్తి తీసి, గడపలో కూర్చుని ఒక ఉల్లిపాయ తరిగాడు. కత్తి చప్పుడు లేకుండా దిగింది. సగం అయ్యేదాకా కళ్లు పొడిగానే ఉన్నాయి. ఆ తర్వాత ధారగా కారాయి. అందులో కత్తి తప్పు లేదని అతనికి తెలుసు.

మర్నాడు ఊరూరా తిరిగి తన కత్తులన్నీ వెనక్కి తెచ్చి నిప్పుల్లో వేశాడు. ముద్ర వరాలు చేతికిచ్చాడు.

ఇప్పటికీ కొలిమిపాడుకి కత్తి కోసం వెళ్లేవాళ్లు నెమలి బొమ్మ చూడరు. ఇంటినుంచి ఉల్లిపాయ తీసుకెళ్తారు. కళ్లు చెమరిస్తే "నూకాలు ఒప్పుకోలేదయ్యా" అని నవ్వి కత్తి తిరిగిచ్చేస్తారు. చెమర్చకపోతే కత్తి కొనుక్కుని, సగం ఉల్లిపాయ కొలిమి గట్టు మీద పెట్టి వస్తారు. ఆవిడ గంజిలోకి.