రెండో చాప

అనగనగా, సముద్రం ఇప్పటికంటే ఊళ్ళకి దగ్గరగా ఉండే రోజుల్లో, ఒక సరస్సు. సరస్సు నడుమ ఒక లంక. లంక మీద ఏసుప్రభువును నమ్ముకున్న చిన్న సంఘం. ఆ సంఘంలో తాబితమ్మ అని ఒక మనిషి. మొగుడు లేడు, పిల్లలు లేరు. నీళ్ళలోకి దిగి తుంగ కోసేది, ఎండబెట్టేది, చాపలు నేసేది. గుడిలో పరిచిన చాపలన్నీ ఆమె నేసినవే. ఆమె మాత్రం వెనక, గుమ్మం దగ్గర, ఉత్త నేల మీద కూర్చునేది.

ఆ గుడిలో వాక్యం చదివే పద్ధతి వేరు. వాక్యం చదివి, దాని మీద తూర్పు సంఘాల పాత తండ్రులు ఏమన్నారో కూడా చెప్పేవారు. ఎడారి గుహల్లో ఉపవాసాలుండి, రాజుల ముఖం మీదే నిజం చెప్పిన తండ్రులు వాళ్ళు. వాళ్ళ మాటల్ని పూర్వం పడవలెక్కి వచ్చిన గురువులు ఈ ఒడ్డుకి మోసుకొచ్చారట. గుడిలో వాక్యం చెప్పే అయ్యగారి గొంతు మంచిది. ఆయన చెబుతుంటే కళ్ళు చెమర్చేవి.

ఒక ఆదివారం, ఉన్న కొట్లు పడగొట్టి పెద్దవి కట్టుకోబోయిన ధనవంతుడి కథ చదివారు. "నీ గాదెలో పురుగు పట్టేది పక్కవాడి అన్నమే, అన్నారు తండ్రులు." అందరూ విన్నారు, తలలూపారు, ఇంటికి పోయి అన్నం తిన్నారు. గాదె తెరిచినవాడు లేడు.

ఇంకో ఆదివారం, దిక్కులేనివాడికి చేసింది నాకు చేసినట్టే అన్న ప్రభువు మాట చదివారు. "బలిపీఠానికి పట్టు కప్పి, గుమ్మంలో వణికేవాణ్ణి దాటిపోతే ప్రభువునే దాటిపోయినట్టు, అన్నారు తండ్రులు." అందరూ విన్నారు, తలలూపారు, ఇంటికి పోయి అన్నం తిన్నారు. దుప్పటి ఇచ్చినవాడు లేడు.

మూడో ఆదివారం, పెళ్ళాన్ని వదిలేయొచ్చా అని పరిసయ్యులనే మతపెద్దలు ప్రభువుని అడిగిన చోటు చదివారు. "ఇద్దరూ ఒకే శరీరమన్నాడు ప్రభువు. మరి తప్పు జరిగితే ఆడదాని వీపు మీద కొరడా, మగాడి నెత్తిన తలపాగా ఎందుకు? కట్టుబాటు కట్టినవాళ్ళు మగాళ్ళు గనక, అన్నాడొక తండ్రి. అది దేవుడి త్రాసు కాదన్నాడు." అందరూ విన్నారు, తలలూపారు, ఇంటికి పోయి అన్నం తిన్నారు.

తాబితమ్మకి ఆ పూట ముద్ద దిగలేదు.

నెల తిరగలేదు. లోయిసు అనే పిల్లని తీర్పుకి పిలిచారు. మొగుడు పోయిన పిల్ల. ఇప్పుడు నిండు చూలాలు. తప్పు చేసినవాళ్ళని గుడి ముందు చాప మీద కూర్చోబెట్టడం అక్కడి ఆచారం. కూర్చోబెట్టారు.

"ఎవడే?" అన్నాడు సంఘపెద్ద యోబు.

"మీ అబ్బాయి సీలా," అంది లోయిసు.

అంతే, ఒక తప్పు రెండు తప్పులైంది. రెండోది, పెద్దింటి మీద నింద. సీలా అక్కడే, తండ్రి వెనకే నిలబడి, పుల్లతో పళ్ళ సందులు కెలుక్కుంటున్నాడు. వాడి పడవ లోయిసు ఇంటి రేవులో కట్టి ఉండటం చూడని కళ్ళు ఆ లంకలో లేవు.

"వెలి," అన్నాడు యోబు.

వెలి అంటే నిప్పు ఇవ్వరు, పలకరించరు, చస్తే గొయ్యి ఇవ్వరు. వరద నెలలో, అవతలి గట్టున తుంగ దుబ్బుల్లో, ఆ పిల్ల ఒంటరిగా పురుడు పోసుకోవాలి.

తాబితమ్మ లేచింది. ఇంటికి పోయి ఒక చాప తెచ్చి లోయిసు పక్కన పరిచింది.

"ఇదెవరికే?" అన్నాడు యోబు.

"రెండోవాడికి, బావా. ఒకే శరీరమన్నారుగా అయ్యగారు. సగం శరీరాన్ని కూర్చోబెట్టి తీర్పు చెబుతారా?"

యోబు చాపని కాలితో తన్నాడు. ఆమె మళ్ళీ పరిచింది.

"చాపలు ఎక్కువయ్యాయా నీకు?"

"చాపలు సరిపోయాయి. కూర్చునే మగాడే తక్కువయ్యాడు."

వెనక ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. యోబు మళ్ళీ తన్నాడు. చాప బురదలో పడింది. మూడోసారి ఆమె దాన్ని తీసి, కొంగుతో తుడిచి, పరిచి, అయ్యగారి వైపు తిరిగింది.

"మీరు చెప్పండయ్యగారూ. మొన్న చదివింది నిజమా, కాదా?"

అయ్యగారు గడ్డం సవరించుకున్నారు. "నిజమే తాబితమ్మా. కానీ చదవడం వేరు, సంఘాన్ని నడపడం వేరు."

తాబితమ్మకి ఒళ్ళు మండింది. తండ్రులు కడుపు మాడ్చుకుని, మెడ మీద కత్తి పెట్టుకుని చెప్పిన మాట. ఈయనకది తమలపాకు. నోరు పండితే చాలు, ఊసేయొచ్చు.

"అయితే వాళ్ళ పేరు ఇంకెత్తకండి," అంది. "మీ నోట్లో వాళ్ళకి ఊపిరాడదు." లోయిసు చెయ్యి పట్టుకుంది. "లే అమ్మా. నా పడవలో చోటుంది."

సంఘం తాబితమ్మనీ వెలేసింది. అవతలి గట్టున ఇద్దరూ పాక వేసుకున్నారు. ఆడపిల్ల పుట్టింది. తాబితమ్మ అంత బిగువుగా చాప నేసేవాళ్ళు ఇంకెవరూ లేరు గనక, లంక ఆడవాళ్ళు పడవేసుకుని ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. వెలి వేసిన మనిషి నేసిన చాప మీద పడుకోవడానికి మగాళ్ళకేం అభ్యంతరం లేదు. వెలి మనిషికే గానీ చాపకి కాదు కదా.

"ఒకటి చాలు పెద్దమ్మా," అనేవాళ్ళు.

"ఒకటి అమ్మను. జోడీ తీసుకో. రెండోది చుట్టి దాచు. నీ కూతురికి అవసరపడుతుంది."

అలా నేసి నేసి ఒకనాడు పోయింది. సంఘం గొయ్యి ఇవ్వలేదు. తుంగ గట్టు మీద లోయిసే తవ్వింది.

ఆ తర్వాత ఇంకో పిల్లని చాప మీద కూర్చోబెట్టారు. ఈసారి ఆ పిల్ల అత్తగారే రెండో చాప తెచ్చి పరిచింది. సంఘపెద్ద కాలెత్తాడు. ఎత్తి వెనక్కి చూశాడు. ఆడవాళ్ళంతా తలా ఒక చాప చంకన పెట్టుకుని నిలబడ్డారు. ఎన్నని తన్నగలడు? కాలు దించాడు. ఆ పూట ఏ పొయ్యీ వెలగలేదు. ఎండ నెత్తికెక్కింది, వాలింది. చివరికి ఒకడు తలొంచుకుని వచ్చి కూర్చున్నాడు. ఇద్దరికీ ఒకే తీర్పు చెప్పాల్సి వచ్చేసరికి పెద్దల నాలుకలు ఎంత మెత్తబడ్డాయో. వెలి అన్న మాటే ఎవరికీ నోట రాలేదు.

ఇప్పటికీ ఆ లంకల్లో ఒంటి చాప అమ్మరు, కొనరు. ఎవరైనా ఒక ఆడదాని మీద నోరు పారేసుకుంటే, "రెండో చాప వేశావా?" అని అడుగుతారు. ఇంకా ఒకటుంది. గుడిలో తండ్రుల మాట చదవగానే, గుమ్మం దగ్గర కూర్చున్న ఆడమనిషి ఒకరు లేచి, "ఎప్పటినుంచి, అయ్యగారూ?" అంటారు. ఆ మాట ఏ రోజు నుంచి పాటిస్తారో ఆయన చెప్పాలి. చెప్పేదాకా ఎవరూ ఆమెన్ అనరు.

కథలన్నీ కంచికి పోతాయంటారు. ఇది పోదు. ఆ ఆమెన్ కోసం అక్కడే కాచుకుని ఉంది.