పచ్చ చుక్క నుంచి ఎర్ర చుక్క దాకా

జిల్లేడువలసలో గవరయ్య ఇంట్లో తెలివితేటలు ఎంత ఎక్కువంటే, ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని పగలు కూడా తలుపేసుకునే మాట్లాడుకునేవారు. వాన పడితే గొడుగు తడిసిపోతుందని చంకలో దాచుకునే రకం గవరయ్య. "మా ఆయన వస్తువుని ఎంత పదిలంగా వాడతారో!" అని మురిసిపోయే రకం భార్య నూకాలు. ఆ ఇద్దరూ ఏమన్నా "అవునవును" అనే రకం తమ్ముడు ఎర్రయ్య.

అన్నదమ్ములిద్దరికీ ఒక్కతే చెల్లెలు, చిలకమ్మ. ఆమె అత్తింటివాళ్ళు కొండ మీద ఈతమానువలసలో, జీడితోటలో కొత్తగా ఇల్లు కట్టుకున్నారు. ఇప్పుడు ఆమెకి ఏడో నెల. శ్రీమంతం నాడు మధ్యాహ్నంలోగా పుట్టింటి చలిమిడి ఒళ్ళో పడాలి. "మీ అన్నలు దారి కనుక్కుని వచ్చినప్పటి మాటలే!" అని అత్తగారు అప్పుడే దెప్పుతోంది. పాపం, చిలకమ్మకి అన్నం సయించడం లేదు. ఆ ఒక్క రోజూ అన్నలు వేళకి వచ్చి తన పరువు నిలబెడితే చాలనుకుంది.

ఆమె మొగుడు సోంబాబు నాలుగూ తెలిసినవాడు. శ్రీమంతానికి పిలవడానికి వచ్చినప్పుడు, తన గుమ్మం నుంచి వీళ్ళ గుమ్మం దాకా నడిచిన దారంతా ఫోన్లో జీపీఎస్‌తో రికార్డు చేశాడు. ఆ ట్రాక్ ఫైల్‌ని ఎగుమతి చేసి గవరయ్యకి పంపాడు.

"బావా, దీన్ని మ్యాపు యాప్‌లోకి దిగుమతి చేసుకుని ఆ గీత వెంటే వచ్చేయండి. గీత దాటితే కొండల్లో తప్పిపోతారు," అని ఫోన్ చేసి మరీ చెప్పాడు.

అంతే, ముగ్గురూ నెట్ సెంటర్‌కి పరిగెత్తారు.

"కొండా, గెడ్డా, జీడితోటా అన్నీ ఈ చిన్న ఫోన్లో ఎలాగ పడతాయండీ?" అన్నాడు గవరయ్య. చోటు చాలదని పాటలూ ఫొటోలూ అన్నీ చెరిపేశాడు. అయినా అనుమానం తీరక ఫోన్ కవర్ కూడా ఊడదీశాడు.

"మరి దారి మన దగ్గరికొచ్చేస్తే, అక్కడ వాళ్ళకేటి మిగులుతాది?" అంది నూకాలు కళ్ళనీళ్ళతో.

"ఇది నకలమ్మా, అసలు వాళ్ళ దగ్గరే ఉంటుంది," అని సెంటర్ కుర్రాడు తల బాదుకుని, గీత తెరిచి చూపించాడు. "ఇదిగో, పచ్చ చుక్క దగ్గర మొదలు, ఎర్ర చుక్క దగ్గర ఆఖరు."

గెడ్డవాగు నీళ్ళు ఒలికిపోకుండా గవరయ్య ఫోన్‌ని రెండు చేతులా నిటారుగా పట్టుకుని ఇంటికి తెచ్చాడు.

శ్రీమంతం నాడు పొద్దున్నే చలిమిడి గిన్నె నెత్తిన పెట్టుకుని నూకాలు, ఫోన్ పట్టుకుని గవరయ్య, పళ్ళబుట్టతో ఎర్రయ్య గుమ్మం దిగారు. చూస్తే పచ్చ చుక్క ఎక్కడో కొండ మీద ఉంది.

"అన్నా, మొదలు అక్కడుంటే ఇక్కణ్ణించి ఎలాగ బయల్దేరతాం?" అన్నాడు ఎర్రయ్య.

"మరే! ముందు మొదలు దగ్గరికి పోదాం. అక్కణ్ణించి చెల్లి ఇంటికి బయల్దేరదాం," అన్నాడు గవరయ్య.

ఇంకేముంది, ఆటో ఎక్కారు. ఆటోవాడు కొండ చుట్టూ మట్టిరోడ్డు మీద తిప్పి, తిన్నగా పచ్చ చుక్క మీదే దింపాడు. ఎదురుగా అరుగు మీద, పసుపు రాసుకున్న మొహంతో చిలకమ్మ కూర్చుని ఉంది.

"అన్నయ్యా! వచ్చారా!" అని ఎగిరి గంతేసినంత పని చేసింది.

"ఇంకా రాలేదమ్మా, ఇప్పుడే బయల్దేరుతున్నాం. నువ్వు కంగారుపడకు, వేళకి మీ ఇంట్లో ఉంటాం," అని చెయ్యూపి, ముగ్గురూ వెనక్కి తిరిగి చరచరా నడిచారు. గుమ్మంలోంచి అత్తగారు కేకేసేలోగానే తోటలో కలిసిపోయారు.

పిలవడానికి వచ్చిన రోజు సోంబాబుని తోటలో కుక్క తరిమింది. గీత అక్కడ జీడిచెట్టు చుట్టూ తిరిగింది. వీళ్ళూ తిరిగారు. కుక్క లేకపోతే పని సరిగ్గా జరగదని ఎర్రయ్య మొరుగుతూ వెంటపడ్డాడు. టీకొట్టు ముందు సోంబాబు ఫోన్ మాట్లాడుతూ పచార్లు చేసినట్టున్నాడు, అక్కడ గీత ఉండచుట్టుకుపోయింది. వీళ్ళు బల్లల మధ్య ప్రదక్షిణాలు చేస్తుంటే, టీ తాగేవాళ్ళు ఏదో మొక్కుబడేమో అనుకుని చెప్పులు విప్పారు. కింద ఊళ్ళో సిగ్నల్ పోయినట్టుంది, గీత ఒకరి వంటింట్లోంచి పోయింది. అంతే, వీధి గుమ్మంలో దూరి, పప్పు తాలింపు వేస్తున్న ఆవిడని "కొంచెం జరగమ్మా, దారి," అని తప్పించి, పెరటి గుమ్మంలోంచి బయటపడ్డారు.

చివరికి ఎర్ర చుక్క వచ్చింది. చూస్తే గుమ్మానికి తాళం వేసి ఉంది.

"ఇంత చెప్పినా చెల్లి తాళమేసుకుని ఎటో పోయింది!" అని గవరయ్య నొచ్చుకున్నాడు. ఎర్రయ్య మొలలోని తాళంచెవి పెట్టి చూస్తే టక్కున తెరుచుకుంది.

"మన చెవి వాళ్ళ తాళానికి పట్టింది! వియ్యమంటే ఇదీ!" అంది నూకాలు.

ఇంతలో చిలకమ్మ ఫోన్. "ఎక్కడున్నారేటి అన్నయ్యా? వేళ మించిపోతోంది," అంటూ ఏడుస్తోంది.

"మీ ఇంట్లోనేనమ్మా! అచ్చం మన ఇల్లులాగే కట్టుకున్నారు. ఉట్టి కూడా అక్కడే ఉంది."

చిలకమ్మకి సంగతి అర్థమైంది. కళ్ళు తుడుచుకుంది. "అక్కడే ఉండండి. కదిలారంటే నా మీద ఒట్టు," అంది.

మొగుణ్ణీ అత్తగారినీ ఆటో ఎక్కించి, పొద్దు నడినెత్తికి రాకముందే పుట్టింటి గుమ్మంలో దిగింది. నూకాలు ఒళ్ళో చలిమిడి పెట్టింది. అన్నలిద్దరూ అక్షింతలు వేసి, ఎందుకో తెలియకుండానే ఏడ్చేశారు. చిలకమ్మకి కడుపూ మనసూ చల్లబడ్డాయి. అత్తగారు కూడా చలిమిడి రెండుసార్లు పెట్టించుకుని తింది, దెప్పడం మరిచిపోయింది.

భోజనాలయ్యాయి. గవరయ్య లేచి కండువా దులిపాడు. తాళంచెవి చిలకమ్మ చేతిలో పెట్టి, "జాగ్రత్తమ్మా, మీ ఇల్లు చాలా బాగుంది. ఇంక మేం వెళ్ళొస్తాం," అన్నాడు.

"ఎక్కడికి బావా?" అన్నాడు సోంబాబు అదిరిపడి.

"మా ఇంటికి! పొద్దున్న మేం బయల్దేరింది పచ్చ చుక్క దగ్గర్నుంచే కదా! అరుగు మీద మా చెల్లి కూడా కూర్చునుంది. అది మా ఇల్లు కాకపోతే మరెవరిదేటి?"

ఆ మాట అని, ముగ్గురూ చరచరా కొండ దారి పట్టారు.