పీలికల చొక్కా

కూర్మారావు మాస్టారిని ఏదైనా అడిగితే జవాబు వెంటనే రాదు. చేతిలో కత్తెర కింద పెట్టాలి, నడుం నిటారు చెయ్యాలి, ఆ తర్వాత బుద్ధి పుడితే చెబుతారు. డెబ్బై ఏళ్ల మనిషి. బొబ్బిలిలో పదిమంది ఆడవాళ్లతో చిన్న కుట్టుశాల నడుపుతూ, నేతబట్టతో చొక్కాలు కుట్టించి పట్నాలకు పంపుతారు. కూలి ఎగ్గొట్టరు, రసాయన రంగుల జోలికి పోరు, చిటికెనవేలంత పీలికైనా చెత్తలో వెయ్యనివ్వరు. ఈ చివరి నియమం మీద ఆయనకు కాస్త గర్వం ఉండేది. కొనేవాళ్లకు కూడా అదే ముద్దు.

హారిక ఫ్యాషన్ చదువు ముగించి, పని నేర్చుకోడానికి ఆయన దగ్గర చేరిన పిల్ల. విశాఖ ఎగ్జిబిషన్‌కు ఈసారి పీలికలు అతికి కుట్టిన చొక్కాలు వెళ్తున్నాయి. ఒక్కోదానికి కట్టే అట్టముక్క మీద ఏం రాయాలో తేల్చే పని ఆమెది.

"మాస్టారూ, ఈ చొక్కా కోసం ఏదీ వృథా కాలేదు అని రాయొచ్చా?" అని అడిగింది.

మాస్టారు కత్తెర కింద పెట్టారు. నడుం నిటారు చేశారు. గోడవారన కూర్చుని పీలికలు అతుకుతున్న అప్పలనర్సమ్మను కిటికీ దగ్గరికి పిలిచారు. పదిహేనేళ్లుగా ఆ పని ఆమెదే. అంత సన్నటి కుట్టు అక్కడ మరెవరికీ రాదు.

"నర్సమ్మా, ఈ సూదిలో నల్లదారం ఎక్కించి ఇయ్యి."

మిట్టమధ్యాహ్నపు వెలుతురు. ఆమె దారం కొస తడిపింది. ఒకసారి, రెండుసార్లు, ఐదుసార్లు ప్రయత్నించింది. దారం సూది పక్కనుంచే పోతోంది. హారిక అప్పుడు చూసింది, ఆమె పైటకొంగుకు వరసగా గుచ్చిన సూదుల్ని. అన్నిట్లోనూ తెల్లదారం ముందే ఎక్కించి ఉంది.

"ఇవెవరు ఎక్కించారు?" అన్నారు మాస్టారు.

"మా మనవరాలండి. ఇస్కూలుకెళ్లేముందు ఎక్కించి ఎలిపోద్ది." ఆమె సూది కింద పెట్టేసింది. "సూపు ఆనడం నేదు బాబూ, రెండేళ్లయింది. వేళ్లతో తడుముకుని కుడతన్నాను. కుట్టు ఎక్కడా తప్పనేదు గదా. నన్ను మానిపించీకండి."

మాస్టారు స్టూలు మీద కూలబడ్డారు. ఎన్నేళ్ల అలసటో ఒక్కసారే మీద పడినట్టుంది ఆయనకు. దీపం కిందే చీకటంటారు. ఆ కొంగుకున్న సూదుల మీద ఆయన చూపు పడి నాలుగు రోజులే అయింది. అంతకుముందు రెండేళ్లూ పడలేదు. పీలిక పారెయ్యొద్దన్న మాట మాత్రం ఆయనదే.

"నిన్నెవరూ మానిపించరు. రేపు కళ్లాసుపత్రికి పోదాం. ఇకమీదట నువ్వు చొక్కాలు మడతపెట్టు, జీతం అదే."

"మరి పీలికలో?" అంది ఆమె దిగులుగా.

"పోతే పోనీ."

ఆమె వెళ్లాక కూడా హారిక అట్టముక్క పట్టుకుని అక్కడే నిలబడింది. మాస్టారు కాసేపటికి లేచి కత్తెర అందుకున్నారు.

"గుడ్డ ఏదీ వృథా కాలేదని రాయమ్మా. అంతవరకు నిజమే."