దొర్లే దుంగ మీద గండరాజు

అనగనగా ఒక అడవిలో, కొండవాగు నడుమ, ఒక దుంగ ఉండేది. మామూలు దుంగ కాదు సుమా! ఎప్పుడో గాలివానకు కూలిన మద్దిమాను అది. రెండు బండల సందున పడి, నీళ్లు కొట్టీ కొట్టీ నున్నగా, గుండ్రంగా తయారైంది. నీళ్లు తోసినకొద్దీ ఉన్నచోటే గిర్రున దొర్లేది. దాని మీద ఎక్కినవాళ్లు నడుస్తూనే ఉండాలి. పొద్దస్తమానం నడిచినా జానెడు ముందుకు పోరు. ఆగారో, బుడుంగున నీళ్లలో పడతారు!

ఆ దుంగ ఉన్నది ఆటకు కాదు, ఊపిరి కొలవడానికి.

ఏటా ఎండాకాలంలో ఆ వాగు ఎండిపోయేది. అప్పుడు అడవిలో ఉన్నవాళ్లంతా కొండ దాటి అవతలి మడుగుకు వెళ్లాలి. దారి ఒక్కటే. ఒకపక్క నిట్టనిలువు బండ, ఇంకోపక్క లోయ. ఒకరి వెనక ఒకరు నడవాల్సిందే. గుంపుగా వెళ్తుంటే వెనక్కి తిరగడానికి కూడా చోటుండదు. ముందు నడిచేవాడు దారి మధ్యలో కూలబడితే, వెనకున్న పిల్లాజెల్లా అంతా మండుటెండలో నీళ్లు లేక మాడిపోవాలి. అందుకే ముందు నడవాలనుకునేవాళ్లు ముందుగా దుంగ ఎక్కాలి. అది ఆ అడవి కట్టుబాటు.

కొలిచేది టకటకమ్మ అనే వడ్రంగిపిట్ట. మానును ముక్కుతో కొట్టి, లోపల పురుగు ఎక్కడ దాక్కుందో చెప్పేస్తుంది ఆవిడ. అలాంటి చెవి! దుంగ మీద నడిచేవాళ్ల మెడ మీద వాలి, చెవి ఆనించి, గుండె ఎలా కొట్టుకుంటే అలా ‘టక్... టక్...’ అని పైకి పలికేది. ఎగువన నీటికుక్కలు మూడు బండరాళ్లు అడ్డం పెట్టి నీళ్లు ఆపేవి. ఒక్కో రాయి తీస్తే దుంగ జోరు పెరుగుతుంది. ఒక్కో రాయికీ పిట్ట ఒక ప్రశ్న అడుగుతుంది. జవాబు చెప్పగలిగితే ఊపిరి ఉన్నట్టు. మాట పెగలకపోతే దిగిపోవాలి.

దుంగ మీదికి ఒక అడ్డతీగ వేలాడుతూ ఉండేది. పడిపోబోయేవాళ్లు పట్టుకోవడానికి మాత్రమే అది. ఊరికే దాని మీద బరువు వేస్తే కాళ్లకు పని తగ్గుతుంది, గుండెకూ పని తగ్గుతుంది. ఇంక కొలిచి ఏం లాభం?

ఆ అడవిలో గండరాజు అనే అడవిదున్న ఉండేవాడు. చాలా ఏళ్లుగా ముందు నడిచేది అతనే. నల్లగా నిగనిగలాడే ఒళ్లు, బండలాంటి మూపు. అయితే ఆ ఏడు వానల్లో అతనికి పెద్ద జబ్బు చేసింది. జ్వరం పోయింది, కండ మళ్లీ పట్టింది. కానీ చిన్న గట్టు ఎక్కినా ఆయాసం వచ్చేది. ఆ సంగతి అతనికి తప్ప ఇంకెవరికీ తెలియదు. చెబితే పరువు పోతుందని గుట్టుగా దాచుకున్నాడు.

పరీక్ష రోజు వచ్చింది. అందరూ వాగు ఒడ్డున చేరారు. సన్నమ్మ అనే ముసలి కణితి ముందుకొచ్చింది. కణితి అంటే పెద్ద జింక. సన్నమ్మ పక్కటెముకలు దూరం నుంచి కూడా లెక్కపెట్టొచ్చు.

“ఈసారి నేనూ ఎక్కుతానర్రా” అంది.

కోతులు కిసుక్కున నవ్వాయి. “గాలి వీస్తే ఎగిరిపోతావేమో అత్తా!” అన్నాయి.

సన్నమ్మ దుంగ ఎక్కింది. నీటికుక్కలు మొదటి రాయి తీశాయి.

“పొద్దున ఏం తిన్నావమ్మా?” అడిగింది టకటకమ్మ.

“ఉసిరికాయలు తిన్నాను పిన్నీ. పుల్లగా బాగున్నాయి.”

రెండో రాయి తీశాయి. దుంగ గిరగిరా తిరిగింది. పిట్ట నోట ‘టక్ టక్’ జోరందుకుంది.

“నీకు పిల్లలెందరు?”

“నలుగురు. నలుగురూ... అల్లరివాళ్లే!”

మూడో రాయి తీశాయి. నీళ్లు హోరుమన్నాయి. సన్నమ్మ కాళ్లు కనబడడం లేదు, అంత వేగం. పిట్ట గొంతులో టకటకటకమని గుండె మోగింది.

“మీ అమ్మ పేరేంటి?”

“సింగారి... మా అమ్మ... సింగారి!”

గండరాజు నోరెళ్లబెట్టాడు. అతని ఒళ్లు గగుర్పొడిచింది. పుల్లలాంటి ఆ ఒంట్లో అంత గుండె ఎక్కడ దాక్కుంది? సన్నమ్మ దిగి నిలబడింది. చూస్తుండగానే పిట్ట పలుకు నెమ్మదించింది. టకటక... టక్ టక్... టక్... టక్. కాసేపటికే, నీడలో పడుకున్నవాళ్ల గుండెలా కుదుటపడింది.

“ఎంత జోరుగా కొట్టుకుందని కాదర్రా, ఎంత త్వరగా కుదుటపడిందో వినండి” అంది టకటకమ్మ. కోతులు కూడా నవ్వు మరిచిపోయి చేతులు జోడించాయి.

ఇప్పుడు గండరాజు వంతు. అతని కూతురు కాటుక ఒడ్డున గెంతులు వేసింది. “మా నాన్నే ముందు నడుస్తాడు!” అని అందరికీ చెప్పుకుంది.

మొదటి రాయికి గండరాజు బాగానే నడిచాడు. రెండో రాయికి ఛాతీ బిగుసుకుంది, జవాబు ముక్కలుగా వచ్చింది. మూడో రాయి తీశాయి నీటికుక్కలు. నీటి తుంపర పొగలా లేచి అతని తలను కప్పేసింది. కాళ్లు తడబడ్డాయి. దిగిపోవాలి. కానీ ఒడ్డున అందరూ చూస్తున్నారు. ఆ ముసలి కణితి వెనకాల తాను నడవాలా? అతను మెల్లగా తల వంచి, కొమ్మును అడ్డతీగకు తగిలించాడు. ఒంటి బరువంతా తీగ మీద పడింది. అమ్మయ్య! ఊపిరి తేలికైంది. గుండె కాస్త నెమ్మదించింది.

“తీగ మీద బరువేమైనా వేశావా నాయనా?” అడిగింది టకటకమ్మ.

“లేదు పిన్నీ” అన్నాడు గండరాజు.

“నేను విన్నదే చెప్పగలను. విన్నంతవరకూ బాగానే ఉంది” అంది పిట్ట. గండరాజే ముందు నడవాలని అందరూ కేకలు వేశారు. సన్నమ్మ కూడా తల ఊపింది.

వాగు ఎండిపోయింది. ప్రయాణం మొదలైంది. ముందు గండరాజు, వెనక కాటుక, ఆ వెనక సన్నమ్మ, తరువాత అడవి అంతా.

మొదటి మలుపులో అతనికి చెమట పట్టింది. రెండో మలుపులో కళ్లు బైర్లు కమ్మాయి. మూడో మలుపులో దారి నిటారుగా లేచింది. కొమ్ము తగిలించడానికి అక్కడ తీగ లేదు, ఉత్త బండే. గండరాజు మోకాళ్ల మీద కూలబడ్డాడు. దారి మూసుకుపోయింది.

“నాన్నా, లే! కాళ్లు కాలిపోతున్నాయి” అని ఏడ్చింది కాటుక. వెనక నుంచి కుందేలు పిల్లల ఏడుపు వినబడింది. నీళ్లు, నీళ్లు అని ఎవరో మూలిగారు. గండరాజు లేవబోయాడు. లేవలేకపోయాడు. అప్పుడు అతనికి భయం వేసింది. తన ప్రాణం కోసం కాదు, వెనకున్నవాళ్ల కోసం.

“నేను అబద్ధం చెప్పాను!” అని రొప్పుతూ అరిచాడు. “ఆ రోజు... తీగ మీద బరువు వేశాను. నాలో ఊపిరి లేదు. నన్ను తిట్టుకోండి, కానీ ఆగకండి. నేను పడుకుంటాను. నా వీపు మీదుగా వెళ్లిపోండి!”

అతను బండకు ఆనుకుని, కాళ్లు ముడుచుకుని పడుకున్నాడు. అందరూ గర్వంగా చెప్పుకునే ఆ మూపే దారి అయింది.

ముందు కాటుక ఎక్కింది. తరువాత సన్నమ్మ. ఆ తరువాత దుప్పులు, పందులు, అతనంత బరువున్న అతని అన్నదమ్ములు. “ఓర్చుకో మామా, నా ముళ్లు గుచ్చుకుంటాయి” అంటూ ముళ్లపంది కూడా దాటింది. గండరాజు కళ్లు మూసుకున్నాడు. ఒక్కొక్కరి గుండె చప్పుడూ పాదాల గుండా అతని వీపుకు తగిలింది. కుందేలు పిల్లది చినుకులా తగిలింది. తన కూతురిది ఇందాకే అదిరిపోతూ తగిలింది. ఇన్ని గుండెలు తనను నమ్మి నడిచాయా! ఇన్నేళ్లు ముందు నడిచినా అతనికి ఇది తెలియలేదు. ఆశ్చర్యంతో కన్నీళ్లు వచ్చాయి.

అందరినీ మడుగుకు చేర్చి, ఎండ తగ్గాక సన్నమ్మ అతని కోసం వెనక్కి వచ్చింది.

“తమ్ముడూ, గుండె కుదుటపడిందా?”

“పడిందక్కా. కానీ నాతో నడిస్తే నీకు ఆలస్యం.”

“అవనీ. మాట్లాడుతూ నడు. మాట ఆగిన చోట అడుగు ఆపు” అంది సన్నమ్మ.

ఆగుతూ, నడుస్తూ ఇద్దరూ కొండ దాటారు. కింద మడుగు తళతళ మెరుస్తోంది. అడవి అంతా దాని చుట్టూ చేరి నీళ్లు తాగుతోంది. అంతమందీ బతికి ఉండడం చూసి గండరాజు అలాగే నిలబడిపోయాడు. కాటుక పరుగున వచ్చి అతని మెడకు తల ఆనించింది.

“నాన్నా, అంతమందిని వీపు మీద మోశావు! నీ అంత గొప్పవాడు ఎవరూ లేరు” అంది.

గండరాజు తల అడ్డంగా ఊపాడు.

“కాదు తల్లీ. ఆ రోజే నేను నిజం చెప్పి ఉంటే, ఎవరికీ నా వీపుతో పనే పడేది కాదు” అన్నాడు.

నీతి: మన బలమెంతో తెలుసుకోవడానికి పెట్టిన పరీక్షలో మోసం చేసి నెగ్గితే, ఆ గెలుపు భారం మనల్ని నమ్మినవాళ్ల మీద పడుతుంది.