పావనికి నేర్పిన మాటలు

తన దగ్గర పని నేర్చుకునే లా కాలేజీ పిల్లలు ఏమడిగినా లాయరు కనకవల్లిగారు వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. "ఉండమ్మా, చూద్దాం" అని పక్కన కూర్చోబెట్టుకునేవారు. ఆ రోజు కోర్టు వరండాలో ఆవిడ శిష్యురాలు వకుళ కళ్ళనీళ్ళతో అడిగింది: "పాపచేత నేను ఒక్క అబద్ధం కూడా చెప్పించలేదు మేడమ్. మరి జడ్జిగారెందుకు నమ్మలేదు?"

పావనికి ఏడేళ్ళు. కన్నతల్లి పురిట్లోనే పోతే, మేనత్త పైడమ్మ గుండెలకు హత్తుకుని పెంచింది. మళ్ళీ పెళ్ళి చేసుకున్న తండ్రి ఇప్పుడొచ్చి బిడ్డ తనకు కావాలన్నాడు. పైడమ్మ తరఫున వాదించేది కనకవల్లిగారు. పాపను జడ్జిగారి ముందుకు సిద్ధం చేసే పని మాత్రం వకుళకు అప్పగించి, "భయం పోగొట్టు, చాలు" అన్నారు. వకుళకు అది చాలదనిపించింది. రోజూ వాళ్ళింటికి వెళ్ళి, తనే జడ్జిలా కుర్చీలో కూర్చుని, ప్రశ్నలడిగి, జవాబులు దిద్ది, తడబడితే మళ్ళీ మొదటినుంచి చెప్పించింది. ప్రేమతోనే చేసింది, పాపం.

తీరా లోపలికి వెళ్ళాక జడ్జిగారు "నీ పేరేంటమ్మా?" అన్నారట. పావని పేరు చెప్పి, ఊపిరైనా తీసుకోకుండా, అత్త దగ్గరే ఎందుకుండాలో అంతా వరసగా అప్పజెప్పేసిందట. ఆయన కాసేపు ఆ బిడ్డను చూసి, ఇవి పసిపిల్ల మాటలు కావన్నారు. ప్రస్తుతానికి తండ్రి వెంట పంపమన్నారు.

"తలుపవతలనుంచి ఇన్నానమ్మా. పద్యంనాగ సెప్పేసినాది నా తల్లి, ఒక్క ముక్క తప్పనేదు!" అంటూ పైడమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంటోంది. ఎక్కడ చెడిందో ఆవిడకింకా తెలియలేదు.

తండ్రి ఆటో పిలవడానికి వెళ్ళాడు. కనకవల్లిగారు వకుళకు బదులివ్వకుండా, బెంచీ మీదున్న పాప ఎదుట నేలమీదే చతికిలబడి, "ఎండగా ఉంది కదూ! నీకు మజ్జిగ తెప్పించనా, సోడా తెప్పించనా తల్లీ?" అని అడిగారు.

పావని పెదవులు కదిలాయి. అంతలోనే ఆగిపోయాయి. అత్త వంకయినా చూడకుండా, తల తిప్పి వకుళ ముఖంలోకి చూసి మెల్లిగా అంది:

"ఏటి సెప్పాలక్కా?"

వకుళ దిక్కుతోచక గురువుగారివైపు చూసింది.

"నన్ను చూస్తావేమమ్మా?" అన్నారు కనకవల్లిగారు, పాప మీదనుంచి చూపు మరల్చకుండా. "అడుగుతున్నది నిన్ను."