పదకొండో పేజీలో ఒక్క వాక్యం

దాలినాయుడు మాస్టారికి ఒక అలవాటు. ఎవరైనా ప్రశ్న అడిగితే నోటితో జవాబు చెప్పరు. "కాస్త ఆగు, చూద్దాం" అంటారు. చూడగా చూడగా జవాబు కళ్లబడుతుందని ఆయన నమ్మకం. ముప్పై ఏళ్లకు పైగా బళ్లో పిల్లలకు అలాగే పాఠం చెప్పారు. ఉద్యోగం నుంచి దిగాక, నాగావళి ఒడ్డునున్న తమ చిన్న ఊళ్లో కథలు రాయాలని సరదా ఉన్నవాళ్లను గ్రంథాలయంలో పోగుచేసి, దానికి 'చెలమ కథకుల కూటమి' అని పేరు పెట్టి, వాళ్లకూ అలాగే చెబుతూ వచ్చారు. కానీ కూటమి పదేళ్ల వేడుక జరిగే ఆదివారం ఉదయం, ఆయన శిష్యురాలు హైమావతి మాత్రం ఆగే స్థితిలో లేదు.

సభ పదింటికి. ఆమె తొమ్మిది కాకుండానే మాస్టారింటి మెట్లెక్కింది. చెప్పులు విడిచిన తీరులోనే కోపం తెలుస్తోంది. చేతిలో కొత్త పుస్తకం, 'మన సభ్యుల విజయాలు'. అట్ట మీద రంగు ఇంకా వాసనేస్తోంది.

"పదకొండో పేజీ తియ్యండి మాస్టారూ. పైకి చదవండి."

మాస్టారు కళ్లజోడు సర్దుకుని చదివారు. "శ్రీమతి హైమావతి, అంగన్‌వాడీ టీచరు. కూటమి సమావేశాలన్నిటికీ రుచికరమైన ఉపాహారం సమకూర్చారు."

"తర్వాత?"

"అంతే ఉందమ్మా."

"అంతే ఉంది! ఏడేళ్లలో పద్నాలుగు కథలు రాశాను. మూడు పత్రికల్లో వచ్చాయి. పసిపిల్లల ముక్కులు తుడిచి, రిజిస్టర్లు నింపి, ఇంటికొచ్చి అత్తగారికి మందులేసి, ఆ మిగిలిన చారెడు పొద్దులో రాశాను. నా విజయం ఉప్మానా మాస్టారూ? కార్యదర్శి జగన్నాథం గారికి పేజీన్నర. పదకొండు శాలువాలు, నాలుగు బిరుదులు, ఎవరెవరి చేత ఎక్కడెక్కడ దండలు వేయించుకున్నారో అన్నీ ఉన్నాయి. ఆ వేదికల కింద కుర్చీలు సర్దింది ఎవరో మాత్రం లేదు. అది కూడా నేనే!"

మాస్టారు ఏదో అనబోయారు. ఆమె ఆగలేదు.

"ఇదంతా రాసింది ఆయనే, సరే. ఆయన సంగతి ఎవరికి తెలీదు? ఈ పుస్తకాల కట్ట ప్రెస్సు నుంచి మోసుకొచ్చింది నేను. కట్టకు చుట్టిన కాయితం విప్పితే, అది మీరు దిద్దిన ప్రూఫు. మొదట 'టిఫిన్లు' అని ఉంటే కొట్టేసి, 'ఉపాహారం' అని మీ చేత్తో రాశారు. మాట బాగాలేదని తోచింది కదా మీకు! ఈ మనిషి కథలు కూడా రాస్తుంది కదా అని తోచలేదా?"

ఈ మాటకు మాస్టారు కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.  "తోచలేదమ్మా" అన్నారు.

నిజం ఒప్పుకుంటే కోపం చల్లారుతుందని మనం అనుకుంటాం. అన్నిసార్లూ అలా జరగదు. హైమావతికి ఇంకా మండింది.

"అయితే విజయమంటే ఏమిటో మీరే చెప్పండి. చెబితే ఉంటాను. లేదంటే ఇవాళ సభలోనే కూటమికి దణ్ణం పెట్టి వచ్చేస్తాను."

"కాస్త ఆగు, చూద్దాం."

"ఏడేళ్లుగా ఆగుతూనే ఉన్నాను మాస్టారూ."

"ఇంకొక్క గంట. ఆ తర్వాత నీ ఇష్టం. నేను అడ్డం రాను."

చెలమ కూటమిలో ఒక పద్ధతి ఉంది. ఎవరు రాసిన కథను వాళ్లు చదవకూడదు. ఇంకొకరు చదవాలి. చదివేటప్పుడు రాసినవారి పేరు చెప్పరు. అందరూ వినాలి, మంచీచెడ్డా మాట్లాడుకోవాలి, ఆ తర్వాతే పేరు విప్పాలి. అప్పటిదాకా రాసినవాళ్లు ఉలకకూడదు, పలకకూడదు. పేరు చూసి మెచ్చుకునే జబ్బు రాకూడదని మాస్టారే పెట్టిన నియమం అది. పదేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆరోజు గ్రంథాలయం హాల్లో నలభై మంది దాకా చేరారు. జగన్నాథం పట్టుపంచె కట్టి, ఈమధ్యే కప్పించుకున్న శాలువా భుజాన వేసుకుని, పుస్తకం ఆవిష్కరించి చదవడానికి లేచాడు. మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఇది కూడా రాసిందే కదా జగన్నాథం. మన పద్ధతిలోనే చదివిద్దాం. గవరయ్యా, నువ్వు చదువు. పేర్లు చెప్పకు. ఎవరివో వీళ్లు చెబుతారు."

గవరయ్య పోస్టుమాస్టరుగా చేసి దిగినవాడు. ఊరందరి ఉత్తరాలూ చదివి పెట్టిన గొంతు ఆయనది. పేజీన్నర ఉన్న ఘట్టం అందుకున్నాడు. ఫలానా సభలో ఘన సత్కారం. ఫలానా పీఠం వారిచే 'కథాకళాధురీణ' బిరుదు. ఫలానా ఉత్సవంలో శాలువా, జ్ఞాపిక, పూర్ణకుంభ స్వాగతం. మళ్లీ శాలువా. మళ్లీ జ్ఞాపిక. రెండో పేజీకొచ్చేసరికి గవరయ్య గొంతే అలసిపోయింది.

"ఎవరంటారు?" అన్నారు మాస్టారు.

"శాలువాల కొట్టువాడెవడో అయ్యుంటాడు" అన్నాడు వెనక వరసలోంచి ఒకాయన. హాలంతా నవ్వింది.

"సరే, ఈయన రాసిన కథ ఒక్కటి చెప్పు గవరయ్యా. అందులో ఉంటుందిగా."

గవరయ్య పేజీ ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు. "లేదు మాస్టారూ. ఒక్క కథ పేరు కూడా వెయ్యలేదు."

జగన్నాథం నోరు తెరిచాడు. "రాసినవాళ్లు మాట్లాడకూడదు నాయనా" అన్నారు మాస్టారు మెత్తగా. పాపం, జగన్నాథం చేతకాని రచయితేం కాదు. కూటమి మొదలైన కొత్తలో చక్కని కథలు రెండు రాశాడు. శాలువాల కింద పడి, అవి ఆయనకే కనబడకుండా పోయాయి.

హైమావతికి లోలోపల కాస్త హాయిగా అనిపించింది. ఆ హాయి ఎంతోసేపు నిలవలేదు. మాస్టారు "పదకొండో పేజీ" అన్నారు.

"కూటమి సమావేశాలన్నిటికీ రుచికరమైన ఉపాహారం..." గవరయ్య వాక్యం పూర్తికానేలేదు. "హైమావతి గారు!" అని నలభై గొంతులు ఒక్కసారి అరిచాయి. చప్పట్లు కూడా కొట్టారు. "మొన్నటి అల్లం పెసరట్టు మరిచిపోగలమా!" అని ఎవరో లొట్టలేశారు.

ఆమె చెవులు కాలిపోయాయి. పొద్దున పుస్తకంలో ఉన్నది ఇప్పుడు నలభై నోళ్లలో ఉంది. అడిగిన ప్రశ్నకు మాస్టారు చూపించిన జవాబు ఇదేనా? సంచీ భుజాన తగిలించుకుని లేచింది.

"ఈవిడ రాసింది ఏదైనా గుర్తుందా?" అని మాస్టారు అడుగుతున్నారు. ఇందాక అరిచిన నలభై గొంతుల్లో ఒక్కటీ లేవలేదు. ఒకరు ఫ్యాను వైపు చూశారు, ఒకరు చెప్పుల వైపు. వీళ్లంతా ఆమె కథలు విన్నవాళ్లే. విని, ఆమె చేసింది తిని, చేతులు కడుక్కుని వెళ్లినవాళ్లే. ఇక ఒక్క క్షణం ఉండకూడదనుకుని ఆమె గుమ్మం దాకా వచ్చేసింది.

గుమ్మంలో గ్రంథాలయం ఊడ్చే తవిటమ్మ నిలబడి ఉంది. దారి వదలబోయి, వదల్లేదు.

"గులకరాళ్ల కత రాసింది ఈయమ్మే గదా బాబూ?" అంది లోపలివాళ్లతో.

"ఏ కథ తవిటమ్మా?" అన్నారు మాస్టారు.

"మీకు గుర్తునేదా? నాకు సదువు రాదు గానీ, మీరు సదువుతుంతే ఈ తలుపుకాడ నిలబడి ఇంతాను. ఒక తల్లి, పిల్ల బరువు తక్కువుందని నలుగురూ నవ్వుతారని, గౌను జేబులో గులకరాళ్లేసి కాటా ఎక్కిస్తాది. ఆ కత ఇన్న రోజు నాకు ముద్ద దిగనేదు బాబూ. నానూ అదే సేసినాను. మా మనవరాలికి ఎండి మొలతాడు, పట్టీలు, కడియాలు అన్నీ తగిలించి, కడుపునిండా నీళ్లు తాగించి ఎక్కించీదాన్ని. మా పేట అంగన్‌వాడీ టీచరమ్మ బాగుంది బాగుంది అని కార్డులో రాసుకునీది. ఆ కత ఇన్నాక, మర్నెల అన్నీ ఇప్పీసి ఒట్టిపిల్లని ఎక్కించినాను. కార్డులో బరువు సుక్క ఎర్రగీత కిందకి పోయింది. ఆసుపత్రికి తీసుకెల్తే ఒంట్లో రగతం నేదన్నారు, నెమ్ము కూడా ఉందన్నారు. ఇంకో నెల ఆగితే దక్కీది కాదన్నారు."

"ఇప్పుడెలా ఉంది?" అంది హైమావతి. 

"సీపురు లాగీసుకుని ఊడవనివ్వదమ్మా. అంత అల్లరి."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం మరి?" అన్నాడు గవరయ్య.

"ఎవులడిగినారు బాబూ? కత అవగానే మీరందరూ ముగింపు బాగునేదని ఒకటే తగువులాడుకున్నారు గదా."

 అందరికంటే ముందు జగన్నాథం తేరుకున్నాడు. కార్యదర్శి కదా, ఉత్సాహం వచ్చేసింది. "ఇది కూడా వేద్దాం మాస్టారూ! అనుబంధంగా ఒక కాయితం అచ్చు వేయిస్తాను. ఏ శీర్షిక కింద పెడదాం? సామాజిక ప్రయోజనం అందామా?"

"ఏ శీర్షికా వద్దు. తవిటమ్మ మనవరాలి జబ్బు నా విజయాల్లో వెయ్యక్కర్లేదు" అంది హైమావతి. కళ్లలో నీళ్లున్నాయి గానీ గొంతులో కోపం కోపంలాగే ఉంది. "ముందు నా పేరు కింద ఉన్న ఆ ఉపాహారం కొట్టెయ్యండి. తర్వాత నేనుండేదీ పోయేదీ చెబుతాను."

"రెండు వందల కాపీలమ్మా!"

"అయితే రెండు వందలూ."

మాస్టారు జేబులోంచి కలం తీశారు. కట్ట ముందుకు లాక్కుని మొదటి పుస్తకం తెరిచారు. పదకొండో పేజీ కాదు, మొదటి పేజీ. అక్కడ ఆయన బొమ్మ కింద, 'నలభై మందిని కథకులుగా తీర్చిదిద్దిన గురుమూర్తి' అని ఉంది. ఆ వాక్యం మీద ఇటునుంచి అటు ఒక గీత గీశారు. ఆ తర్వాత పదకొండో పేజీ తిప్పి, హైమావతి పేరు కిందున్న వాక్యం కొట్టేశారు. ఆ పుస్తకం పక్కన పెట్టి రెండోది అందుకున్నారు. మళ్లీ మొదటి పేజీయే తెరిచారు.

హైమావతి వెనక్కి వచ్చి బల్లకు ఎదురుగా నిలబడింది.

"నేను కొట్టెయ్యమన్నది నాది కదా మాస్టారూ. మీది ఎందుకు కొట్టేస్తున్నారు?"

మాస్టారు తలెత్తలేదు.

"నేనూ ఒట్టిగా కాటా ఎక్కాలి కదమ్మా" అన్నారు.