బోయీలు తడిసిన వాన

"ఇదా, అదా" అని అడిగినవాళ్ళకి కోదండయ్యగారు వెంటనే జవాబు చెప్పిన పాపాన ఎన్నడూ పోలేదు. "ఉండవోయ్" అని ముందు ఏదో ఒక పని అప్పజెప్పేవారు. అడిగింది మోక్షం గురించైనా సరే, ఆశ్రమం వెనకున్న కంద మొక్కలకి నీళ్ళు పొయ్యాల్సిందే. కాలవ గట్టు మీది ఆ చిన్న ఆశ్రమానికి ఏళ్ళ తరబడి వస్తున్న శిష్యులకి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే ఒంట్లో ఓపిక ఉన్న రోజు చూసుకుని మరీ ప్రశ్న అడిగేవారు.

తాతబ్బాయికి అలా రోజు చూసుకునే తీరిక లేదు. అతని కారు బీమా బుధవారంతో అయిపోతోంది. ఆ కారే అతనికి కూడూ గుడ్డా. పెళ్ళిళ్ళకీ, అన్నవరం మొక్కులకీ, పురిటి నొప్పులొచ్చినవాళ్ళని ఆస్పత్రికి చేర్చడానికీ కిరాయికి తిప్పుకుంటూ, భార్య నూకరత్నాన్నీ ఇద్దరు పిల్లల్నీ పోషించుకొస్తున్నాడు. కిందటేడు నూకరత్నానికి పిత్తాశయంలో రాళ్ళు తీయించాల్సి వచ్చింది. అమ్మాయి చదువుకని దాచిందంతా ఆ ఆస్పత్రిలోనే ఊడ్చుకుపోయింది. ఆ దెబ్బకి హడలిపోయి, ఈసారి కారుతోపాటు ఇంటికి ఆరోగ్య బీమా కూడా చేయించాలని కూచున్నాడు. భయమైతే రెండింటికీ సరిపడా ఉంది గానీ, చేతిలో డబ్బు మాత్రం అంత లేదు.

ఆదివారం పొద్దున పాఠం ముగిశాక, గురువుగారి దగ్గరగా జరిగి కూచున్నాడు.

"గురువుగారూ, ఏజెంటు రెండు దారులు చెప్పాడండి. మొదటి దాంట్లో కారుకి ఏ లోటూ ఉండదు. గీత పడినా, అద్దం పగిలినా, ఇంజన్లోకి వరద నీళ్ళొచ్చినా అంతా కంపెనీయే పెట్టుకుంటది. కాకపోతే మిగిలిన డబ్బుతో ఇంటికి చాలా చిన్న పాలసీ వస్తది. పెద్ద జబ్బు చేస్తే అది రెండ్రోజులకి కూడా చాలదండి. రెండో దాంట్లో కారుకి చట్టం అడిగేదీ, పెద్ద దెబ్బ తగిల్తే ఆదుకునేదీ ఉంచుకుని, చిన్నా చితకా మనమే భరించుకోవాలి. అప్పుడు ఇంటికి గట్టి పాలసీ వస్తది. ఏది తీసుకోమంటారు?"

"నీ మనసెటుంది?"

తాతబ్బాయి కాస్త సిగ్గుపడ్డాడు. "కారు మీద గీత పడితే నా ఒంటి మీద పడ్డట్టుంటదండి."

కోదండయ్యగారు నవ్వి లేచారు. "రేపు ఆరాధన కానియ్, మాట్లాడుకుందాం. నేను పక్కూరు వెళ్ళి సాయంత్రానికొస్తాను. మబ్బు పట్టేలా ఉంది. కొట్లో బరకం ఒకటుంది. ఏం కప్పాలో, ఎలా కప్పాలో నువ్వే చూసుకో."

బరకమంటే ఆ పక్క రైతులు వాన వస్తే ధాన్యం రాశుల మీద కప్పే పెద్ద గుడ్డ. ఇంత పెద్ద ప్రశ్న అడిగితే ఇంత చిన్న పనా అని తాతబ్బాయి లోలోపల తేలిక పడ్డాడు. కంద మొక్కల బాధ తప్పింది కదా అనుకున్నాడు.

మర్నాడు ఆశ్రమం పెట్టిన పెద్ద గురువుగారి ఆరాధన. ఏటా ఆ రోజున ఆయన పటాన్ని పల్లకిలో ఉంచి ఊరంతా తిప్పుతారు. పల్లకి మోసే బోయీలంతా ఒక్క కుటుంబమే. వాళ్ళ పెద్ద పోలయ్య, అతని తమ్ముడు, ఇద్దరు కొడుకులు. వాళ్ళకొక కట్టుబాటుంది. పల్లకిని అటక మీంచి కిందికి దింపాక, మళ్ళీ అటకెక్కేదాకా దాన్ని ఒంటరిగా వదలకూడదు. బోయీల్లో ఒకడు లేచినా మిగతా ముగ్గురూ పక్కనే ఉండాలి. ఆ ఆదివారం కూడా పల్లకిని ముంగిట్లో కొబ్బరాకుల పందిరి కిందికి దింపి, నలుగురూ చాపలు పరుచుకుని దాని చుట్టూ చేరారు. పల్లకికి ఆ ఏడే కొత్తగా బంగారు రంగు వేయించారు. అటు వెళ్ళినప్పుడల్లా తాతబ్బాయి ఒకసారి ఆగి చూసుకునేవాడు.

మూడు గంటల వేళ ఉన్నట్టుండి కుండపోతగా మొదలైంది. తాతబ్బాయి బరకం భుజాన వేసుకుని పరిగెత్తుకొచ్చాడు.

"బాబూ, మొత్తం విప్పి పందిరి మీద పరిచేద్దామండి. పల్లకీ, మేమూ అందరం సర్దుకుంటాం. అంచుల్లో కూసింత జల్లు కొడతది, అంతే" అన్నాడు పోలయ్య.

"జల్లు కొడితే రంగేమైపోద్ది పోలయ్యా? మొన్ననే వేయించాం!"

అని, బరకాన్ని మూడు మడతలు పెట్టి పల్లకికి చుట్టబెట్టి తాడుతో బిగించి కట్టాడు. చీమ దూరే సందు కూడా మిగల్చలేదు. మీరు వంటశాలలోకి వచ్చెయ్యండని బోయీల్ని పిలిచాడు. పోలయ్య అడ్డంగా తలూపాడు. వదిలి రాకూడదన్నాడు. తాతబ్బాయికి మనసు చివుక్కుమంది గానీ, కాసేపటి వానేగా, తగ్గిపోతుందిలే అని సర్దిచెప్పుకున్నాడు. వాన తగ్గలేదు. రెండుసార్లు వేడి టీ పట్టుకెళ్ళి ఇచ్చాడు. వెళ్ళినప్పుడల్లా తాడు ముడి ఊడిందేమోనని కూడా చూసుకుని వచ్చాడు.

దీపాలు పెట్టే వేళకి గురువుగారు వచ్చారు. పందిరి కింద ముద్దయిపోయి కూచున్న నలుగుర్నీ, మూడు మడతల బరకంలో వెచ్చగా ఉన్న పల్లకినీ ఒకసారి చూశారు. గొడుగు వేసుకుని తనే పల్లకి పక్కన చతికిలబడ్డారు.

"పోలయ్యా, నేనున్నాగా. లోపలికెళ్ళి బట్టలు మార్చుకోండి."

గురువుగారే కాపలా కూచుంటే ఇక కాదనడానికేముంది, వాళ్ళు లేచారు. తాతబ్బాయి పొడి పంచెలిచ్చి, అల్లం, మిరియాలు దంచి కషాయం కాచి ఇచ్చాడు. అయినా ఆలస్యం అయిపోయింది. తెల్లారేసరికి పోలయ్యకీ, అతని తమ్ముడికీ ఒళ్ళు కాలిపోతోంది.

సోమవారం ఆకాశం కడిగేసినట్టుంది. మేళగాళ్ళు వచ్చారు. ఊరి ఆడవాళ్ళు హారతి పళ్ళేలతో గుమ్మాల్లో నిలబడ్డారు. తాతబ్బాయి తాళ్ళు విప్పి బరకం లాగేసరికి పల్లకి ఎండలో ధగధగలాడిపోయింది. జ్వరాల సంగతింకా తెలియక, ఎదురెళ్ళి మరీ గురువుగారికి చెప్పాడు.

"చుక్క నీరు పడలేదండి. రంగు రంగులాగే ఉంది!"

"అవును, చాలా బాగుంది" అన్నారు కోదండయ్యగారు. "మోసేవాళ్ళు లేచిరాగానే బయల్దేరుదాం."

అప్పుడు తాతబ్బాయి లోపలికెళ్ళి చూశాడు. మంచం మీద పోలయ్య దుప్పటి కప్పుకుని వణుకుతున్నాడు. అంత జ్వరంలోనూ లేవబోయి, "రంగు పాడవలేదు కదా బాబూ?" అని అడిగాడు. తాతబ్బాయికి సిగ్గుతో తల నేలకి దిగిపోయింది. పోలయ్య చెయ్యి పట్టుకుని పక్కనే కూచున్నాడు.

బయట శిష్యులకి పౌరుషం వచ్చింది. మేం మాత్రం మొయ్యలేమా అని మిగిలిన ఇద్దరు బోయీలతో కలిసి భుజం పెట్టారు. ఒకరు రిటైరైన లెక్కల మాస్టారు, ఇంకొకరు కిరాణా కొట్టు ఆసామి. ఒకరి అడుగు ఒకరికి కలవలేదు. పల్లకి ముందుకెళ్ళాల్సింది పోయి పక్కకెళ్ళి తులసికోటకి తగలబోయింది. లోపల పెద్ద గురువుగారి పటం బోర్లాపడింది. నాలుగడుగుల్లోనే మాస్టారి నడుం పట్టేసి, దించండి బాబోయ్ అని కేక పెట్టారు. మేళగాళ్ళు నవ్వాపుకోలేక సన్నాయి పక్కన పెట్టేశారు.

"పోనిద్దురూ" అన్నారు కోదండయ్యగారు కళ్ళు తుడుచుకుంటూ. ఆయన కూడా బాగానే నవ్వారు. "మా గురువుగారు బతికున్నన్నాళ్ళూ ఊళ్ళోకి నడిచే వెళ్ళారు. తాతబ్బాయ్, పటం నువ్వు పట్టుకో."

తాతబ్బాయి పటాన్ని గుండెలకి హత్తుకుని వీధులన్నీ తిరిగాడు. పల్లకిలో అయితే పటం ఎక్కడో ఎత్తున ఉండేది. ఈసారి ముసలమ్మలు దగ్గరకొచ్చి అద్దాన్ని తాకి కళ్ళకద్దుకున్నారు. పిల్లలు పటం మీద బంతిపూలు పెట్టారు. ఇంత బాగా ఏ ఏడూ జరగలేదని ఊరంతా చెప్పుకుంది. ఊరేగింపు ముగియగానే తాతబ్బాయి పోలయ్యనీ, తమ్ముణ్ణీ కార్లో ఎక్కించుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. పోలయ్య బురద కాళ్ళతో సీటు ఎక్కడానికి మొహమాటపడితే, తనే చెయ్యి పట్టి కూచోబెట్టాడు. మర్నాటికి ఇద్దరికీ జ్వరం దిగింది. మంగళవారం సాయంత్రం పల్లకి అటకెక్కింది.

ప్రశ్నకి జవాబేదని తాతబ్బాయి మళ్ళీ అడగలేదు. బుధవారం పొద్దున్నే ఏజెంటు దగ్గర కాగితాలు రాయించుకుని, కంపెనీకి పంపేముందు ఆశీర్వాదం కోసం ఆశ్రమానికి తెచ్చాడు. మొహం తేటగా ఉంది. మూడు రోజుల తర్వాత కడుపునిండా నిద్రపోయినవాడిలా ఉన్నాడు.

"రెండో దారేనండి. కారుకి పెద్ద దెబ్బలకి మాత్రం ఉంచాను. గీతలూ సొట్టలూ నేనే చూసుకుంటాను. ఇంటికి గట్టిది తీసుకున్నాను. నూకరత్నం ఆపరేషను సంగతి కూడా దాచకుండా రాయించానండి, రేపు పేచీ రాకుండా."

"మంచి పని చేశావ్" అని కోదండయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని, ఆరోగ్య బీమా కాగితం తీసుకుని వేలు పెట్టి ఒక్కో పేరూ చదివారు. నూకరత్నం. అమ్మాయి. అబ్బాయి. వేలు కిందున్న ఖాళీ గీత దగ్గర ఆగిపోయింది. కాగితం తిప్పి వెనక వైపు కూడా చూశారు.

"ముగ్గురేనా?"

"ముగ్గురేనండి. నాకెందుకండీ, గుండ్రాయిలా ఉన్నాను! నా పేరు తీసేస్తే కాస్త తగ్గిందండి కూడాను."

కోదండయ్యగారు జేబులోంచి కలం తీసి, మూత విప్పి, అతని చేతిలో పెట్టారు.

"ఎక్కేవాళ్ళ పేర్లన్నీ ఉన్నాయిరా. మోసేవాడిదే లేదు."